ఒక్క గుండుకు ఒక్క నిమిషం: ఆంట్‌హోల్ట్స్ మంచులో బయాథ్లాన్

ఫిబ్రవరి 17, సోమవారం

ఇటలీలోని ఆంట్‌హోల్ట్స్‌లో 2020 బయాథ్లాన్ ప్రపంచ చాంపియన్‌షిప్ ఫిబ్రవరి 13నే మొదలైంది. మేం మ్యూనిక్‌లో రైలెక్కేసరికి దాదాపు సగం పతకాలు పంచేశారు. మా పిన్ని కొడుకు చిన్నాకు అదేం పట్టలేదు. "మిగతావన్నీ టీవీలో చూసుకోవచ్చక్కా. ఇండివిడ్యువల్ మాత్రం అక్కడే ఉండి చూడాలి" అన్నాడు. వాడు మ్యూనిక్‌లో చదువుకుంటున్నాడు. జర్మనీలో చలికాలం శని, ఆదివారాలు టీవీ పెడితే పొద్దున్నుంచి మంచు ఆటలే. అందులో బయాథ్లాన్ వీడికి బాగా ఎక్కేసింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వీపున రైఫిల్ తగిలించుకుని స్కీల మీద మంచులో పరుగు తియ్యాలి. మధ్యమధ్యలో ఆగి, ఆయాసపడుతూనే 50 మీటర్ల దూరంలోని ఐదు టార్గెట్లను కొట్టాలి. మళ్లీ పరుగు. ఇందులో స్ప్రింట్, పర్స్యూట్, మాస్ స్టార్ట్, రిలే అని రకరకాలున్నాయి. అన్నిటికంటే పాతది మగవాళ్ల 20 కిలోమీటర్ల ఇండివిడ్యువల్. 1958లో ఆస్ట్రియాలోని జాల్‌ఫెల్డెన్‌లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో వ్యక్తిగత పోటీ ఇదొక్కటే. స్వీడన్‌కు చెందిన అడాల్ఫ్ విక్లుండ్ గెలిచాడు.

రైలు ఇన్స్‌బ్రుక్ దాటి బ్రెన్నర్ కనుమ ఎక్కుతుంటే చిన్నా 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్ కథ ఎత్తుకున్నాడు. ఒలింపిక్స్‌లోకి బయాథ్లాన్ వచ్చింది అప్పుడే. అప్పట్లో గుండు తప్పితే రెండు నిమిషాల జరిమానా. ఫ్రాన్స్ నుంచి వచ్చిన విక్టర్ ఆర్బే మంచు మీద అందరికంటే వేగంగా వెళ్లాడట. 20 గుళ్లలో 18 తప్పాయి. అంటే పరుగులో సంపాదించినదంతా పోగా నెత్తిమీద ఇంకో 36 నిమిషాలు! పరుగులో ఎక్కడో వెనకున్న స్వీడన్ మనిషి క్లాస్ లెస్టాండర్ ఇరవైకి ఇరవై కొట్టి బంగారం పట్టుకుపోయాడు.

"ఇంకేం, పరుగెత్తడం దండగన్నమాట" అన్నాను.

"అలా అనుకున్నవాళ్లెవరూ ఇప్పుడు గెలవట్లేదు. చూద్దువుగా."

ఫ్రాంజెన్స్‌ఫెస్టెలో పుస్టర్‌టాల్ లోయలోకి వెళ్లే చిన్న రైలు పట్టుకున్నాం. ఇది ఇటలీయే. కానీ మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా. అందుకని ప్రతి స్టేషన్ బోర్డు మీదా రెండు పేర్లు: ఫ్రాంజెన్స్‌ఫెస్టె-ఫోర్తెజ్జా, బ్రునెక్-బ్రూనికో, ఓలాంగ్-వల్దావోరా. మేం దిగింది ఓలాంగ్‌లో. అక్కణ్ణుంచి బస్సు. ఆంట్‌హోల్ట్స్ లోయ సన్నగా, నిటారుగా పైకి పోతుంది. ముందు నీడర్‌రాజెన్, తర్వాత వరసగా ఊళ్లు, చివర స్టేడియం, దాని పక్కన సరస్సు. ఆ పైన స్టాలర్ సాటెల్ కనుమ దాటితే ఆస్ట్రియా. ఎండాకాలంలోనే ఆ దారి తెరుస్తారు. చలికాలంలో ఈ లోయకు రావడానికైనా పోవడానికైనా ఒకటే దారి. ప్రపంచ చాంపియన్‌షిప్‌కు వచ్చిన జనమంతా ఆ ఒక్క దారిలోనే అంటే బస్సు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నార్వే జెండా కప్పుకున్న ఒకాయన దారి పొడుగునా నా భుజం మీదే నిద్రపోయాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఈరోజు ఆడవాళ్ల 15 కిలోమీటర్ల ఇండివిడ్యువల్. నేను దీన్ని రేపటికి ట్రైనింగ్‌లా చూద్దామనుకున్నాను. లోయ మొత్తం మాత్రం ఈరోజు కోసమే లేచినట్టుంది. కారణం దొరోతెయా వీరర్. ఈ లోయ పిల్ల. ఆదివారం పర్స్యూట్‌లో బంగారం గెలిచింది. దారిలో కనబడిన ప్రతి బాల్కనీకీ ఆమె పేరుతో ఏదో ఒక గుడ్డ వేలాడుతోంది.

స్టేడియం 1,600 మీటర్ల ఎత్తున ఉంది. రెండు అంతస్తుల మెట్లెక్కితే నాకే ఊపిరి చాల్లేదు. ఇక్కడ పరుగు తీసేవాళ్లు మొదటి రౌండులో ఉత్సాహపడి ఊపిరంతా ఖర్చు పెట్టేస్తే ఆఖరి రౌండులో కాళ్లు రాళ్లవుతాయట. స్టాండ్స్‌కు ఎదురుగా షూటింగ్ రేంజ్, 30 లేన్లు. దాని వెనక రీజర్‌ఫెర్నర్ కొండలు. గాలి ఎటు వీస్తోందో తెలియడానికి లేన్ల పొడుగునా చిన్న చిన్న జెండాలు. రేసుకు ముందు అందరూ వచ్చి కాగితం టార్గెట్ల మీద కాల్చి, గాలినిబట్టి రైఫిల్ మీద గురి చూసే సైటు సరిచేసుకుంటారు. వెనకాల కోచ్‌లు బైనాక్యులర్ లాంటి పెద్ద స్కోపుల్లోంచి చూస్తూ, ఎటు ఎన్ని క్లిక్కులు తిప్పాలో కేకేసి చెబుతుంటారు.

వీరర్ రేంజ్‌లోకి వచ్చినప్పుడల్లా జరిగిన సంగతి చెప్పాలి. అప్పటిదాకా గంటలు, డప్పులు, బూరలతో చెవులు గింగురుమనిపిస్తున్న స్టాండ్ మొత్తం ఒక్కసారిగా గప్‌చుప్. తర్వాత ఒక్కో గుండుకూ ఒక్కో అరుపు. నల్ల టార్గెట్ తెల్లగా మారితే "హేయ్!" తప్పితే "ఓ..." అని నీరసంగా ఒక మూలుగు. ఆటగాళ్లకు ఇది సాయమో, టెన్షనో నాకు అర్థం కాలేదు. ఒకటి తప్పిన మూలుగు విన్నాక రెండోది కొట్టడానికి చాలా గుండె ధైర్యం కావాలి.

చివరికి వీరర్ గెలిచింది. జర్మనీకి చెందిన వనెస్సా హింట్స్ కంటే 2.2 సెకన్ల ముందు. 15 కిలోమీటర్లు పరుగెత్తి, 20 గుళ్లు కాల్చి, జరిమానా నిమిషాలన్నీ కలిపాక మిగిలిన తేడా అది. నా పక్కనున్న ముసలావిడ ఏడ్చేసింది. మాకు చోటిచ్చిన ఇంటావిడ రాత్రి భోజనంలో ప్రతి టేబుల్‌కీ ఉచితంగా ఆపిల్ స్ట్రూడెల్ పెట్టింది.

ఫిబ్రవరి 19, బుధవారం

అసలు రోజు.

మధ్యాహ్నం రేసు. పొద్దున్నే స్టాండ్స్‌లోకి చేరాం. చలికి కాలివేళ్లు ఉన్నాయో లేవో తెలియట్లేదు. మా ముందు వరసలో ఒక జర్మన్ పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి. స్టార్ట్ లిస్టు ప్రింటు తీసుకొచ్చి, అట్టకు క్లిప్పు పెట్టి, చేతిలో పెన్సిలు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. పేరు పక్కన నాలుగు గళ్లు గీసుకున్నాడు. చిన్నా ఆయన్ను చూసి "ఈయన పక్కన కూర్చుంటే చాలక్కా, పెద్ద స్క్రీన్ కూడా అక్కర్లేదు" అన్నాడు. నిజమే అయింది.

ఇండివిడ్యువల్ చూడటానికి బోర్ అని చాలామంది అంటారు. కారణం ఉంది. అందరూ ఒకేసారి బయలుదేరరు. ముప్పై సెకన్లకొకరు. దాదాపు వంద మంది. గెలిచినవాడికి పట్టే సమయం 50 నిమిషాలకు అటూఇటూ. అంటే మొదట బయలుదేరినవాడు ఫినిష్ లైను దాటే వేళకు చివరివాడు ఇంకా స్టార్ట్ గేటు దగ్గరే ఉంటాడు. ట్రాక్ మీద పక్కపక్కనే వెళ్తున్న ఇద్దరికీ మధ్య అసలు పోటీయే ఉండకపోవచ్చు. ఎవరు ముందున్నారో కంటికి కనబడదు, లెక్క కట్టుకోవాలి.

నాలుగు కిలోమీటర్ల రౌండ్లు ఐదు. మధ్యలో నాలుగుసార్లు కాల్చడం: పడుకుని, నిలబడి, మళ్లీ పడుకుని, మళ్లీ నిలబడి. ఒక్కోసారి ఐదు గుళ్లు. పడుకుని కాల్చేటప్పుడు టార్గెట్ వెడల్పు 45 మిల్లీమీటర్లు. నిలబడి కాల్చేటప్పుడు శరీరం ఊగుతుంది కాబట్టి 115. ఒలింపిక్స్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో పదికి పది తెచ్చే చుక్క 10.4 మిల్లీమీటర్లే కదా, 45 అంటే సులువే అనిపించొచ్చు. ఆ షూటర్ల గుండె నిమిషానికి నూట డెబ్బై, నూట ఎనభై సార్లు కొట్టుకోదు మరి.

అసలు మెలిక జరిమానాలో ఉంది. స్ప్రింట్, పర్స్యూట్, మాస్ స్టార్ట్‌లలో ఒక గుండు తప్పితే 150 మీటర్ల పెనాల్టీ లూప్ ఒక చుట్టు తిరగాలి. వీళ్ల వేగానికి అరనిమిషం కూడా పట్టదు. ఇండివిడ్యువల్‌లో లూప్ లేదు. ఈరోజు అది రేంజ్ పక్కన ఖాళీగా పడుంది. దానికి బదులు తప్పిన ప్రతి గుండుకూ మొత్తం సమయంలో ఒక నిమిషం కలిపేస్తారు. ఈ స్థాయిలో పరుగుతో ఒక నిమిషం రాబట్టుకోవడమంటే మాటలు కాదు.

మొదటి అరగంటలో మాకు దగ్గరి లేన్‌లో ఒకడు నిలబడి కాల్చడం పూర్తిగా చూడగలిగాను. రేంజ్‌కు ముందే వేగం తగ్గించాడు. చాప మీద ఆగి రెండు కర్రలూ పక్కన పడేశాడు. వీపు మీది రైఫిల్ ఒక్క ఊపులో ముందుకొచ్చింది. మూడున్నర కిలోలకు తగ్గకూడదని రూలు. రైఫిల్ కట్టె పక్కన గుచ్చి ఉన్న చిన్న తూటాల మ్యాగజైన్ ఒకటి లాగి పెట్టాడు, సైటు మీది మంచు మూత తీశాడు. ఎడమ మోచేయి తుంటికి ఆనించి, నడుము కాస్త వెనక్కి వంచాడు. మూడు పెద్ద శ్వాసలు. నోట్లోంచి ఆవిరి. మొదటి గుండు. బోల్ట్‌ను మొత్తం చేత్తో లాగే పనిలేదు, చూపుడువేలితో వెనక్కి, బొటనవేలితో ముందుకి. ఒక శ్వాస, ఒక గుండు. టక్, టక్, టక్. నాలుగు తెల్లగా మారాయి. ఐదోదానికి ముందు ఆగాడు. మోకాలు వణుకుతోంది, నాకు కనబడుతూనే ఉంది. అక్కడ రెండు దార్లే. రైఫిల్ దించి మళ్లీ మొదలుపెడితే ఐదారు సెకన్లు పోతాయి. అలాగే నొక్కేస్తే నిమిషం పోవచ్చు. నొక్కేశాడు. నల్లగానే ఉండిపోయింది. పెద్దాయన పెన్సిలు గడిలో '1' పడింది. ఆ ఆటగాడు టార్గెట్ వైపు రెండోసారి చూడకుండా రైఫిల్ తగిలించుకుని పోయాడు. ఆ చూడకపోవడం కూడా నేర్చుకుంటారట.

ఈరోజు అందరి కళ్లూ ఇద్దరి మీదే. ఫ్రాన్స్ మార్టిన్ ఫుర్కాడ్, నార్వే యోహానెస్ థింగ్నెస్ బ్యో. ఫుర్కాడ్‌కు ఈ రేసు కొట్టినపిండి. 2013, 2015, 2016ల్లో ఇందులో ప్రపంచ విజేత, 2014 సోచి ఒలింపిక్స్‌లో బంగారం. తర్వాత బ్యో వచ్చాడు. 2018 ప్యాంగ్‌చాంగ్‌లో రెండు గుళ్లు తప్పి కూడా ఇదే రేసులో ఒలింపిక్ బంగారం గెలిచాడు. అంత వేగం. ఈ జనవరిలో కొడుకు పుట్టాడని కొన్ని రేసులు మానేసి వచ్చాడు కూడా.

ఎవరు ఎన్నో గుండు ఎక్కడ తప్పారో వరసగా రాయడం నా వల్ల కాదు, ఆ కాగితం పెద్దాయన దగ్గరే ఉండిపోయింది. నాకు గుర్తున్నది స్టాండ్స్‌లో లెక్కలు. ఫ్రాన్స్ గుంపు వేళ్లు చూపించి అరుస్తోంది, నార్వే గుంపు అంతకంటే గట్టిగా అరుస్తోంది. చిన్నా ఫోన్లో స్ప్లిట్ టైములు (రేసు మధ్యలో నమోదయ్యే సమయాలు) చూసి "ఇప్పుడు వీడు పన్నెండు సెకన్లు వెనక, కానీ వాడికింకా ఆఖరి నిలబడి షూటింగ్ ఉంది" అంటూ ఊపిరి తిప్పుకోవట్లేదు. ఇంతలో ఇటలీ కుర్రాడెవరో రేంజ్‌లోకి వస్తాడు. అంతే, ఈ గొడవంతా ఆగి, అందరూ వాడికోసం నిశ్శబ్దమైపోతారు. మళ్లీ లెక్కలు.

ఆఖరి ఫలితం ఇది. ఫుర్కాడ్ ఒక్కటి తప్పాడు, 49 నిమిషాల 43.1 సెకన్లు, బంగారం. బ్యో రెండు తప్పాడు, 57 సెకన్లు వెనక, రజతం. ఆస్ట్రియాకు చెందిన డొమినిక్ లాండర్టింగర్ ఒక్కటీ తప్పలేదు, 1 నిమిషం 22.1 సెకన్లు వెనక, కాంస్యం.

పెద్దాయన పెన్సిలు ఆపి, జరిమానాలు తీసేసి మళ్లీ కూడటం మొదలుపెట్టాడు. చిన్నా జర్మన్‌లో ఏదో అడిగితే కాగితం మావైపు తిప్పి చూపించాడు. ఫుర్కాడ్ 48:43.1. బ్యో 48:40.1. అంటే పరుగూ, షూటింగ్‌కు పట్టిన సమయమూ కలిపి చూస్తే బ్యోనే మూడు సెకన్లు ముందు! ఇరవై కిలోమీటర్లలో ఇద్దరూ ఇంచుమించు సరిసమానం. తేడా అంతా ఒక్క గుండులో ఉంది.

లాండర్టింగర్ వరస చూస్తే ఇంకా తమాషా. జరిమానా లేకుండా అతని సమయం 51:05.2. బ్యో కంటే దాదాపు రెండున్నర నిమిషాలు నెమ్మది. ఇంకే రేసులోనైనా అతను లిస్టులో ఎక్కడో కింద ఉండేవాడు. ఇక్కడ పతకం పీట మీద ఉన్నాడు. 2018 ఒలింపిక్స్‌లోనూ ఇదే రేసు, ఇదే ఇరవైకి ఇరవై, ఇదే కాంస్యం. వెన్నెముక ఆపరేషన్ అయ్యాక మళ్లీ ఇంతదాకా వచ్చినవాడు. ఫినిష్ లైను దగ్గర అతణ్ణి చూస్తే గెలిచింది ఫుర్కాడా, ఇతనా అని అనుమానం వస్తుంది.

చిన్నా రైల్లో అన్న మాట ఇక్కడ బోధపడింది. తప్పకుండా కొడితే పీట దాకా రావచ్చు, అగ్రస్థానానికి మాత్రం కాళ్లు కూడా కావాలి. వేగంగా వెళ్లి ఒకటి ఎక్కువ తప్పితే అదీ దక్కదు. బోర్ రేసు అన్నవాళ్లకు చేతిలో ఒక కాగితం, పెన్సిలు ఇచ్చి చూడాలి.

సాయంత్రం బస్సుకోసం క్యూలో నిలబడి గులాష్ సూప్ తాగాం. పైన హోఖ్‌గాల్ శిఖరం వైపు చూసే ఓపిక కూడా లేదు. ఫ్రాన్స్ గుంపు మాత్రం క్యూలోనే గెంతుతోంది.

ఫిబ్రవరి 20, గురువారం

పొద్దున్న ఆంట్‌హోల్ట్స్ సరస్సుకు వెళ్లాం. స్టేడియం నుంచి నడకే. అంతా గడ్డకట్టి, పైన మంచు పరుచుకుని ఉంది. నిన్న ఇదే చోట వేలమంది అరిచారంటే నమ్మబుద్ధి కాదు. ఇక్కడ ప్రపంచ చాంపియన్‌షిప్ జరగడం 1975తో మొదలై ఇది ఆరోసారి. 2026 ఒలింపిక్స్ బయాథ్లాన్ కూడా ఇక్కడికే ఇచ్చారు. ఇంత ఇరుకు లోయలో, ఒకే దారితో, ఒలింపిక్స్ జనాన్ని ఎలా సర్దుతారో అనుకున్నాను. ఇంటావిడను అడిగితే "ప్రతి జనవరీ సర్దుతూనే ఉన్నాంగా" అంది. ప్రపంచ కప్ రేసులు ఇక్కడ దాదాపు ప్రతి ఏడూ జరుగుతాయి.

మధ్యాహ్నం సింగిల్ మిక్స్‌డ్ రిలే. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, చిన్న చిన్న రౌండ్లు, అంతా హడావుడి. నార్వే గెలిచింది. మార్తె ఓల్స్‌బు రోయిస్లాండ్‌తో జంట ఎవరో కాదు, బ్యోనే. నిన్నటి రజతం నుంచి ఒక్క రాత్రిలో తేరుకున్నాడు. రేసు సరదాగానే ఉంది కానీ, నిన్నటి తర్వాత నాకిది చప్పగా అనిపించింది. చిన్నా ఒప్పుకోలేదు.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఈరోజు రేసుల్లేవు. శని, ఆదివారాల రేసులకు ఉండాలనే ఉంది కానీ వాడికి పరీక్షలు. సామాను సర్దుకుని బ్రునెక్‌లో ఆగాం. పాత ఊరు చిన్నది. కొండమీద కోట, అందులో పర్వతారోహకుడు మెస్నర్ పెట్టిన మ్యూజియం. మేం అటు పోలేదు, కాఫీ తాగుతూ కూర్చున్నాం. కాఫీ కొట్టులో టీవీ ముందు జనం మూగి ఉన్నారు. రేసు రిపీట్ అనుకున్నాను. కాదు. లొంబార్డీలోని కొదోన్యో అనే ఊళ్లో కరోనా కేసు బయటపడిందట. ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. లొంబార్డీ ఇక్కడికి దూరమన్నట్టే ఉన్నారు. సాయంత్రం బ్రెన్నర్ మీదుగా మ్యూనిక్ చేరాం.

ఫిబ్రవరి 22, శనివారం

చిన్నా రూములో పుస్తకాలు తెరిచి పెట్టుకుని టీవీ చూశాడు. మగవాళ్ల రిలే. ఫ్రాన్స్ మొదట, నార్వే రెండు, జర్మనీ మూడు. మగవాళ్ల రిలేలో 2001 తర్వాత ఫ్రాన్స్‌కు మళ్లీ ఇప్పుడే బంగారం. ఇన్నేళ్లు ఇన్ని గెలిచిన ఫుర్కాడ్‌కు ఈ రిలే బంగారం ఇదే మొదటిది.

మార్చి మధ్యలో చిన్నా ఒకరోజు ఫోన్ చేశాడు. అప్పటికి అంతా మూతపడుతోంది. ఫిన్లాండ్‌లోని కొంటియోలాహ్తిలో ప్రేక్షకుల్లేని స్టేడియంలో సీజన్ ఆఖరి రేసు జరిగింది. అంతకు ముందురోజే రిటైర్ అవుతున్నానని చెప్పిన ఫుర్కాడ్ ఆ రేసు గెలిచాడు. ప్రపంచ కప్ సీజన్ మొత్తం పాయింట్లు కూడితే బ్యోకు 913, ఫుర్కాడ్‌కు 911. ఆంట్‌హోల్ట్స్‌లో ఒక్క గుండుతో పోగొట్టుకున్నవాడు ఇక్కడ రెండు పాయింట్లతో రాబట్టుకున్నాడు. ఆ సీజన్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ రేసులు కూడా కప్పు లెక్కలోకి వచ్చాయట. ఆ పెద్దాయన ఈ కూడిక కూడా వేసే ఉంటాడని చిన్నా నమ్మకం.